ఇరవై నాలుగు బీరువాలు, ఏడుగురు మనుషులు

మా ఆఫీసు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నేను వెంటనే ఎండల మీదకి మాట మార్చేస్తాను. అందులో దాపరికం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నా నాకూ పూర్తిగా తెలియదు, అంతే. కేంద్ర ప్రభుత్వానిదన్నది మాత్రం ఖాయం. బోర్డు మీద సింహాలున్నాయి. పోర్టు వైపు దిగే రోడ్డులో, రాతిగోడల పాత మేడలో మూడో అంతస్తు మాది. తీరం వెంబడి చిన్న చిన్న రేవుల్లో ఏ సరుకు ఎక్కిందో, ఏది దిగిందో కాగితాలు తెప్పించుకుంటాం. వాటిని ఇంకో కాగితం మీదకి ఎక్కించి ఢిల్లీ పంపుతాం. వాటిని ఏం చేస్తున్నారని మేం ఢిల్లీని అడగలేదు. ఎందుకు పంపుతున్నారని ఢిల్లీ కూడా మమ్మల్ని అడగలేదు. ఒకరి మనసు ఒకరం నొప్పించకుండా ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం.

మొత్తం ఏడుగురం. పైన ఆఫీసరుగారు, గుంటూరు వైపు మనిషి, రిటైర్మెంటుకి రెండేళ్ళ దూరంలో ఉన్నారు. ఆ రెండేళ్ళూ ఎక్కడా సంతకం పెట్టకుండా గడిపేస్తే చాలని ఆయన కోరిక. అకౌంట్స్ చూసేవాడిది శ్రీకాకుళం వైపు. నాకు ఏ చుట్టరికమూ లేదు, పక్క కుర్చీ కాబట్టి ఒకరినొకరం బావ అనుకుంటాం. ఎనిమిదో మనిషి అక్క, మా అందరికీ అక్కే. అక్క పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. పందొమ్మిదేళ్ళుగా దినకూలీ.

అక్కది జాలరిపేట. తెల్లారకముందే హార్బరుకెళ్ళి బుట్ట నింపుకుని, సీతమ్మధార వీధుల్లో అమ్మేసి, తొమ్మిదింటికల్లా మా గదులు తుడిచి, మంచినీళ్ళు పట్టి, టీ పెట్టేసేది. ఆవిడ భర్త మరబోటు మీద కళాసీ. ఏటా ఏప్రిల్ నడిమి నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం, బోట్లన్నీ కట్టేస్తారు. ఆయనకి పనుండదు, ఈవిడ బుట్టలోకి చేపలుండవు. నిషేధపు సాయమని కొంత వస్తుంది గానీ అయిదుగురు తినే ఇంటికి అది ఏ మూలకి? ఆ రెండు నెలలూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది మా ఆఫీసు కూలీ మీదే. ఈ సంగతి మా అందరికీ తెలుసు, ప్రభుత్వానికి తప్ప.

ఇక మార్చి నెల గురించి చెప్పాలి. సర్కారు ఆఫీసులో పని చేయనివాళ్ళకి మార్చి అంటే పరీక్షలు, మామిడి పిందెలు. మాకు మాత్రం అది ఖర్చుపెట్టే పండగ. ఏడాదికని ఇచ్చిన డబ్బు మార్చి ఆఖరులోగా ఖర్చవకపోతే మురిగిపోతుంది. మురిగిపోయిందంటే వీళ్ళకి అవసరం లేదని అర్థం చేసుకుని వచ్చే ఏడు కోత కోస్తారు. అందుచేత పదకొండు నెలలు పిల్లిలా కూర్చుని పన్నెండో నెలలో పులిలా లేస్తాం. ఒక మార్చిలో కుర్చీలు కొన్నాం. మనిషికి తొమ్మిది వచ్చాయి. పని మీద వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, పెళ్ళివారిల్లనుకుని చెప్పులు బయట విడిచేవారు. ఇంకో మార్చిలో గోడగడియారాలు. ఆరు గడియారాలు ఆరు టైములు చూపిస్తాయి. పర్మిషన్ కావలసినవాడు తనకి నప్పే గడియారం కింద నిలబడి మరీ అడుగుతాడు.

మొన్నటి మార్చికి ముందు నుంచే టీవీలో దేశానికి డబ్బుల్లేవని గోల మొదలైంది. లోటు అంటాడొకడు, అప్పు అంటాడు ఇంకొకడు, పనికిరాని ఆఫీసులన్నీ మూసెయ్యాలంటాడు కోటు వేసుకున్న మూడోవాడు. ఆ మూడోవాడు ఆ మాట అన్నప్పుడల్లా కెమెరాలోంచి నన్నే చూస్తున్నట్టుండేది. మధురవాడలో నేనుండే అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక కుర్రాడు, ఐటీ ఉద్యోగి, చాలా మర్యాదగా అడిగాడు: "అంకుల్, మీ ఆఫీసు కూడా ఆ లిస్టులో ఉందా?" లిఫ్టు నాలుగో అంతస్తు దాటేలోగా ఎండల గురించి మూడు వాక్యాలు చెప్పాను.

మార్చి నడిమిలో ఒకే రోజు, ఒకే తపాలాలో ఢిల్లీ నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. రెంటి మీదా ఒకే సంతకం. మొదటిది పొదుపు గురించి. దేశం ఆర్థికంగా గడ్డు స్థితిలో ఉంది కనుక, ఏప్రిల్ ఒకటి నుంచి దినకూలీలనెవరినీ పనిలో ఉంచరాదు. రెండోది ఖర్చు గురించి. ఫర్నిచరు పద్దు కింద మీకిచ్చిన డబ్బు వాడకుండా పడి ఉంది, నెలాఖరులోగా పూర్తిగా ఖర్చుపెట్టండి, ఒక్క రూపాయి మురిగినా వ్రాతపూర్వక సంజాయిషీ ఇవ్వాలి.

ఆఫీసరుగారు ఒక ఉత్తరం కుడిచేత్తో, ఒక ఉత్తరం ఎడమచేత్తో పట్టుకుని వచ్చారు. తక్కెడ పట్టుకున్నట్టున్నారు.

"ఏవండీ, ఇదేంటండీ ఇది? డబ్బుల్లేవంటున్నారా, ఉన్నాయంటున్నారా?"

"రెండూ అంటున్నారు సార్," అన్నాను.

"అట్లా ఎట్లా కుదురుద్దండీ?"

బావ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. రూల్స్ చెప్పే ముందు అలా చేస్తాడు. "కూలీ పద్దులో నేవు సార్. ఫర్నిచరు పద్దులో ఉన్నాయి. ఈ పద్దు డబ్బు ఆ పద్దుకి వాడకూడదు. అంతే."

"వాడితే ఏటవుద్ది బావా?" అన్నాను.

"ఏటవుద్దా? నీ పెన్షనూ పోద్ది, నా పెన్షనూ పోద్ది, ఇద్దరం సైకిలు మీద ఇడ్లీలమ్ముకుంటాం."

అక్క ఏడాది కూలీ ఎంతో నాకు తెలుసు. ఫర్నిచరు పద్దులో మిగిలింది దానికి ఎన్ని రెట్లో కూడా తెలుసు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంటే, దేశం ఎక్కడ బీదదో, ఎక్కడ ధనవంతురాలో నాకు అంతుపట్టలేదు. ఒకే జేబు, ఒక పక్క చిరిగింది, ఇంకో పక్క పొంగిపొర్లుతోంది.

అక్కకి చెప్పే పని నా మీద పడింది. టీ గ్లాసులు కడుగుతుంటే పక్కన నిలబడి, సముద్రం గురించీ సర్కారు గురించీ పది నిమిషాలు తిప్పి తిప్పి చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపేసింది.

"ఏటి బాబూ, నన్ను రావద్దంతన్నారా?"

"నేను కాదక్కా. ఢిల్లీ."

"నానేటి తప్పు సేసినాను?"

"తప్పేం లేదక్కా. గవర్నమెంటు దగ్గర డబ్బుల్లేవట."

"మరి ఆ బల్లకాడ కూకోని ఏటో కొంతామంతన్నారు గదా, అదేటి?"

ఫర్నిచరు గురించి చెప్పాను. నెలాఖరులోగా ఖర్చుపెట్టకపోతే మురిగిపోతుందని కూడా చెప్పాను. అక్క గ్లాసు బోర్లించింది.

"సేపల్లాగే గావాల. నాను కూడా, ఎండెక్కీసినాక మిగిలినాయంటే పక్కింటోళ్ళకి ఊరకే ఇచ్చీతాను. తింతారు గదా. మీరు సూస్తే, మురిగిపోద్దని సెప్పి తినడానికి కుదరనివే కొంతన్నారు."

టీవీలో కోటువాడిని తీసుకొచ్చి ఆవిడ ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు చెప్పు బాబూ, అనాలనిపించింది. "ఏపిల్లో బోటు కట్టేత్తారు," అని మాత్రం అని, అక్క మిగతా గ్లాసులు కడగడంలో పడిపోయింది.

ఏం కొనాలన్నదాని మీద మూడు రోజులు సభ జరిగింది. కుర్చీలు వద్దు, కూర్చోవడానికి కుర్చీలున్నాయి గానీ నిలబడడానికే చోటు లేదు. సోఫా అంటే ఆఫీసరుగారు భయపడ్డారు, విలాసం అంటారేమో అని. చివరికి సర్కారు కొనుగోళ్ళ పోర్టల్‌లో బావకి ఒక ఉక్కు బీరువా దొరికింది. దాని ధరతో మా డబ్బుని భాగిస్తే సరిగ్గా ఇరవై నాలుగు, శేషం సున్నా. బావ మొహం వెలిగిపోయింది. పాతికేళ్ళ సర్వీసులో గ్రాంటు ఆఖరి రూపాయిదాకా ఖర్చుపెట్టినవాడు జోన్ మొత్తంలో లేడట.

"ఉక్కు కదండీ," అన్నారు ఆఫీసరుగారు, తనకి తనే ధైర్యం చెప్పుకుంటూ. "ఉక్కు ఊరు. స్థానిక పరిశ్రమకి చేయూత అని రాయొచ్చు."

ఆ చేయూత అయిదు రాష్ట్రాల అవతలి నుంచి లారీలో వచ్చింది. గాజువాకలో ఇంటికొకడు బీరువాలు చేసేవాడుంటే, ఎక్కడో ఎడారి పక్క ఊళ్ళో తక్కువ రేటట. ఆ రేకు ఇక్కడే పుట్టి అక్కడికెళ్ళి, బీరువాగా వంగి మళ్ళీ ఇక్కడికే వచ్చి ఉండవచ్చని కూడా నాకనిపించింది. ఎవరికి చెప్తే ఏం లాభం? మార్చి ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం లారీవాడు ఇరవై నాలుగు బీరువాలూ గేటు దగ్గర దింపేసి, ఇక్కడివరకే నా బాధ్యత అని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు బయటపడింది మేం చేసిన పని. బీరువా ఎత్తు కొలిచాం, వెడల్పు కొలిచాం, గది కొలిచాం. మెట్లు కొలవలేదు. మా మెట్లు రెండో అంతస్తు దగ్గర అటు నుంచి ఇటు ఎంత మొండిగా తిరుగుతాయంటే, కొంచెం ఒళ్ళున్న మనిషి అక్కడ ఊపిరి బిగబట్టాలి. మొదటి బీరువా ఆ మలుపు దాకా వెళ్ళి ఇరుక్కుపోయింది. దాని వెనకున్న ఇద్దరు గుమస్తాలు కింద ఉండిపోయారు, ముందున్న నేను పైన ఉండిపోయాను. దాన్ని వెనక్కి లాగేసరికి సాయంత్రమైంది. మర్నాడు సాయంత్రంలోగా "సరుకు అందింది, గదిలో అమర్చాము" అని ఆఫీసరుగారు సంతకం పెడితేనే బిల్లు పాసవుతుంది. లేకపోతే మొత్తం మురుగే.

"సంజాయిషీ ఏమని రాయాలండీ?" అన్నారు ఆఫీసరుగారు. "మెట్లు తిరిగాయని రాయాలా?"

అక్క చీపురు పక్కన పెట్టి బాల్కనీలోంచి కిందకి తొంగిచూసింది. "మెట్లమీదెందుకు బాబూ? ఇటునుంచి లాగియ్యొచ్చు. రేపొద్దున్న మా వోళ్ళని తెత్తాను. బోటుకంటే బరువేటి?"

ముప్ఫై ఒకటో తేదీ పొద్దున్నే జాలరిపేట నుంచి తొమ్మిదిమంది వచ్చారు. బోట్లు ఒడ్డుకి లాగే మోకులు, రెండు కప్పీలు, వాళ్ళతోనే వచ్చాయి. బాల్కనీ దూలానికి కప్పీ కట్టారు, బీరువాకి గోనె చుట్టారు. కింద నలుగురు, పైన అయిదుగురు. "పట్టో! ఇడిసిపెట్టకో!" అని కేక, బీరువా గాల్లోకి లేచింది. అది అలా మేడ ఎక్కుతుంటే రోడ్డు మీద ఆటోలు ఆగాయి, బస్సులు ఆగాయి, పోర్టు క్రేన్లు తమ పని వదిలేసి ఇటు తిరిగాయి. బయట లంగరేసిన ఓడలు కూడా చూడ్డానికి ఒక పక్కకి ఒరిగాయని బావ అంటాడు. నాకు మాత్రం రెండు ఓడలే ఒరిగినట్టు కనిపించాయి. ఆఫీసరుగారు కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకున్నారు. సాయంత్రం నాలుగింటికి ఇరవై నాలుగోది లోపలికొచ్చింది. బాల్కనీలో ఉన్న గడియారం ప్రకారం రెండున్నరకే.

వాళ్ళ కూలీకి ఏ పద్దూ లేదు. ఏడుగురం జేబులు తడుముకున్నాం. అందరికంటే ఎక్కువ వేసింది ఆఫీసరుగారే, ఎవరికీ చెప్పొద్దన్నారు కూడా. ఆ రోజు అక్క ఆఖరి రోజు. తన ఆఖరి రోజున మా గ్రాంటు కాపాడిపెట్టి, మామూలుగా టీ గ్లాసులు కడిగి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ ఒకటిన ఆఫీసు ఆఫీసులా లేదు. ఇనప అడవి. ఆఫీసరుగారి బెల్లు వినిపించేది గానీ మనిషి ఎక్కడున్నారో తెలిసేది కాదు. తపాలా ఇవ్వడానికొచ్చిన మనిషి రెండో వరసలో లోపలికెళ్ళి, ఇరవై నిమిషాల తర్వాత అయిదో వరసలోంచి బయటపడ్డాడు. బీరువాల్లో పెట్టడానికి మా దగ్గర ఏమీ లేదు, కాగితాలన్నీ ఈమధ్యే కంప్యూటర్లోకి ఎక్కించేశాం. బావ ఒకదాంట్లో తన లంచ్ బాక్సు పెట్టుకున్నాడు. ఏ బీరువాలో పెట్టాడో గుర్తులేక ఆ పూట పస్తున్నాడు.

తొమ్మిదింటికి అక్క వచ్చింది.

"వద్దన్నారుగా అక్కా," అన్నాను.

"వద్దన్నారు బాబూ. ఊరకే సూడ్డానికొచ్చినాను." బీరువా తలుపు మీద వేలు రాసి, ఆ వేలు నా కళ్ళ ముందు పెట్టింది. సన్నటి పొడి. "ఉప్పుగాలి. నిన్నంతా బాల్కనీ తెరిసీసి ఉంచినారు. రోజూ నూనెగుడ్డ పెట్టకపోతే, వానలొచ్చీసరికి ఇయన్నీ తుప్పట్టీసి ఎర్రగా అయిపోతాయి. మా బోటు బకీట్లు సూడు."

నా బుర్రలో దీపం వెలిగింది అనడం తక్కువ, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలిగినంత పని అయింది. కూలీ పద్దులో డబ్బు లేదు, నిజమే. కానీ ప్రభుత్వ ఆస్తుల సంరక్షణ అని ఇంకో పద్దుంది. ఆస్తి పెరిగితే సంరక్షణా పెరగాలి. మా ఆస్తి ఒక్క రోజులో ఇరవై నాలుగు బీరువాల మేరకు పెరిగింది. ఢిల్లీకి ఉత్తరం రాశాను: సముద్రతీరపు ఉప్పుగాలి వల్ల విలువైన ప్రభుత్వ ఆస్తి తుప్పుపట్టే ప్రమాదం ఉన్నందున, రోజూ తుడిచి నూనె పట్టించేందుకు ఒక మనిషిని నియమించుకొనుటకు అనుమతి కోరడమైనది. ఒక్క అక్షరం అబద్ధం లేదు. తుప్పు గురించి మాత్రం కొంచెం భయపెట్టాను. అది చదివితే బీరువాలు నీళ్ళలో పంచదారలా కరిగిపోతున్నాయనిపిస్తుంది.

జవాబు రాలేదు. ఏప్రిల్ నడిమికి వేట నిషేధం వచ్చేసింది. బోట్లు కట్టేశారు. అక్క బుట్ట లేకుండా నేరుగా మా ఆఫీసుకే రావడం మొదలుపెట్టింది.

"ఆవిడ ఏ హోదాలో లోపలికి వస్తున్నారండీ?" అన్నారు ఆఫీసరుగారు, ఎక్కడో నాలుగో వరస వెనక నుంచి.

"విజిటర్ సార్," అన్నాడు బావ. నిజంగానే రోజూ విజిటర్ల రిజిస్టరులో వేలిముద్ర వేయించేవాడు. వచ్చిన పని అనే గడిలో "బీరువాలు చూచుటకు" అని రాసేవాడు.

అక్క చూసేది, తుడిచేది. మేం ఏదో ఇవ్వబోతే ఒకసారి తీసుకుంది, రెండోసారి చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఉత్తరం రానీ బాబూ. మీ జీతంలోంచి నాకెందుకు? మీకూ ఇల్లుంది గదా." ఇంట్లో ఒక పూట గంజి కాస్తున్నారని ఆవిడ చెప్పలేదు, సీతమ్మధారలో ఆవిడ దగ్గర చేపలు కొనే మా పెద్దమ్మ చెప్పింది. ఆ వారమంతా నేను ఢిల్లీకి రోజుకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఒక్కోసారి ఒక్కో గొంతు పలికేది. ఒక గొంతు ఫైలు కదిలిందనేది, ఇంకోటి ఏ ఫైలనేది, మూడోది అసలు మీరు ఏ ఆఫీసని అడిగింది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఎండల కబుర్లు తప్ప ఏమున్నాయి?

మే మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. బావ మూడుసార్లు చదివాడు. సంరక్షణ కొరకు ఒక మనిషిని ఏప్రిల్ నడిమి నుంచి నియమించుకొనుటకు అనుమతి. నేను కుర్చీలోంచి లేచేశాను.

"ఆగు బావా, ఇంకో పేరా ఉంది," అన్నాడు.

ఇంకో పేరా ఇది: ఏడుగురు సిబ్బందికి ఇరవై నాలుగు బీరువాలు అధికమని ఈ కార్యాలయం భావిస్తున్నది. పొదుపు చర్యలలో భాగంగా వాటిని నెలాఖరులోగా వేలం వేయవలెను. వేలం పూర్తయిన రోజుతో పై నియామకం ముగియును.

కొనమన్నదీ వాళ్ళే, అమ్మమన్నదీ వాళ్ళే. నియమించమన్నదీ, తీసెయ్యమన్నదీ ఒకే కాగితంలో. కోటువాడు టీవీలో ఆ సాయంత్రం కూడా దేశం పొదుపు గురించి మాట్లాడాడు. నేను బుద్ధిగా విన్నాను. ఒక్క ముక్క బోధపడితే ఒట్టు.

అక్కకి పాత రోజుల కూలీ కూడా కలిపి వచ్చింది. కానీ నిషేధం ఇంకా నెల్లాళ్ళపైన ఉంది, వేలం నెలాఖరుకి. ప్రకటన రాసే పని నాది. ఇక్కడ కూడా నేను అబద్ధం రాయలేదు. బీరువాలు ఉన్నచోట ఉన్నట్టుగా అమ్మబడును. మూడో అంతస్తు. లిఫ్టు లేదు. దింపుకొనుట కొనుగోలుదారు బాధ్యత. గోడలకు గానీ మెట్లకు గానీ గీత పడినచో నష్టపరిహారం. విడివిడిగా ఇవ్వబడవు, ఇరవై నాలుగూ ఒకేసారి తీసుకోవలెను.

వేలం రోజున ఒకే ఒక్కడు వచ్చాడు. గాజువాకలో పాత ఇనుము వ్యాపారి, వేళ్ళకి నాలుగు ఉంగరాలు. మెట్లెక్కి వస్తూ రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగి దాన్ని చేత్తో కొలిచాడు. లోపలికొచ్చి బీరువాలు తట్టి చూశాడు, తలుపులు తెరిచి చూశాడు. అక్క తలుపు పక్కన నూనెగుడ్డ పట్టుకుని నిలబడింది. ఆఫీసరుగారు ఏదో వరసలోంచి బయటపడి కుర్చీ వేశారు.

"కొత్తవే గదండీ బాబూ," అన్నాడు వ్యాపారి. "ఒక్క మచ్చ కూడా నేదు. బాగా సూసుకున్నారు." నా దురదృష్టం, అక్క పనితనం.

"రేటు చెప్పండి," అన్నారు ఆఫీసరుగారు.

వ్యాపారి నోరు తెరవబోయి ఆగాడు. "ఆ మలుపులోంచి రావు గదా ఇవి. ఎలగెక్కించినారు?"

బావ ఫైలులో తలదూర్చాడు. అక్క ఒకడుగు ముందుకేసింది.

"బాల్కనీలోంచి లాగినారు సావుకారూ. మా పేటోళ్ళే."

"అలాగా! అయితే ఇబ్బందేటి? ఆళ్ళనే పిలిపించమ్మా, దింపీమను. కూలీ నానిచ్చేత్తాను."

అక్క గుడ్డ చేతికి చుట్టుకుంది, మళ్ళీ విప్పింది. ఆవిడ కళ్ళలోకి నేను చూడలేకపోయాను. నెలన్నరగా పనుల్లేని తొమ్మిదిమంది మగాళ్ళు, చేతికందిన కూలీ. ఆ ఒక్కరోజు కూలీ ఆ తొమ్మిది ఇళ్ళకి ఏమవుతుందో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

"అడుగుతాను సావుకారూ," అంది. బాల్కనీలోకెళ్ళి ఫోన్ చేసింది. మాటలు సగం గాలికి పోయాయి. పెద్దగానే మాట్లాడింది, ఒకసారి గదమాయించింది కూడా. తిరిగొచ్చి నిలబడింది.

"రారంట."

"డబల్ కూలీ ఇత్తానని సెప్పినావా?"

"సెప్పినాను సావుకారూ. ఎక్కించడానికి పిలిత్తే వత్తారంట. దింపడానికి రారంట. నా పని పోద్దని ఆళ్ళకి తెలుసు గదా."

వ్యాపారి అక్కని చూశాడు, బీరువాల్ని చూశాడు, మా ఏడుగురినీ చూశాడు. ఆఫీసరుగారు తన ఉంగరం మీద ఏదో మరక ఉన్నట్టు రుద్దుకోవడం మొదలుపెట్టారు. "క్రేను తెత్తే నాకేటి మిగులుద్ది?" అని గొణుక్కుంటూ వ్యాపారి మెట్లు దిగిపోయాడు. మలుపు దగ్గర ఇంకోసారి ఆగిన చప్పుడు వినిపించింది. తర్వాత స్కూటరు స్టార్టయింది.

కొనుగోలుదారు లేడని ఢిల్లీకి రాయమన్నారు ఆఫీసరుగారు. ఆ కాగితం మీద మాత్రం ఆయన చదవకుండానే సంతకం పెట్టేశారు.

"ఎల్లిపోనాడా?" అంది అక్క.

"వెళ్ళిపోయాడు."

"మరి నా పని ఉందా, నేదా?"

"మళ్ళీ వేలం వేసేదాకా ఉందక్కా."

"మళ్ళీ ఎప్పుడేత్తారు?"

"రూలు ప్రకారం మూణ్ణెల్లకి."

అక్క వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకుంది. "అప్పటికి బోట్లు కదిలిపోతాయి," అంది. "తొమ్మిదిమందికీ సాయంత్రం పులుసెట్టి తీరాల. డబల్ కూలీ వదులుకున్నారు, యెదవలు." గుడ్డ నూనెలో ముంచి మొదటి వరసలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ఏ బీరువా వెనక ఉందో కూడా మాకు కనిపించలేదు.